మాగ్నా కుమ్ లౌడేను చెడగొట్టని అనువాదకురాలు

జర్మనీలో డాక్టరేటు ముగించి, ఉద్యోగం కోసం హైదరాబాదు వైపో విశాఖ వైపో చూస్తున్నవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. గోటింగెన్‌లో నా పట్టానూ, మార్కుల పత్రాన్నీ ఇంగ్లీషులోకి అనువదించి ముద్ర వేసి ఇచ్చిన ఒక ప్రమాణ అనువాదకురాలి సేవపై సమీక్ష ఇది. ప్రమాణ అనువాదకులంటే కోర్టు ముందు ప్రమాణం చేసి, తమ అనువాదం మూలానికి సరిగ్గా సరిపోతుందని సంతకంతో ధ్రువీకరించే అధికారం పొందినవాళ్లు. ఆవిడ ఒక్కరే పనిచేస్తారు, సహాయకులు లేరు, చేతినిండా పని ఉంది. అందుకే పేరు వేయవద్దని కోరారు. ఆ కోరిక గౌరవిస్తున్నాను. ఇలాంటి వాళ్లను వెతుక్కునే దారి మాత్రం చివర్లో చెబుతాను.

పని నాణ్యతకు నూటికి నూరు వేస్తాను. ధర న్యాయంగా ఉంది. వేగం మాత్రం తక్కువ, రేపటికల్లా కావాలనుకునేవాళ్లకు ఈ చోటు సరిపోదు. అయినా జర్మన్ డాక్టరేటు ఉన్న ప్రతి తెలుగువాడికీ ఇలాంటి మనిషి దగ్గరికే వెళ్లమని చెబుతున్నాను. కారణం ఒక్కటే. పట్టా మీద ఉన్న లాటిన్ మాటలను ఏం చేయాలో, అంతకంటే ముఖ్యంగా ఏం చేయకూడదో ఆవిడకు తెలుసు.

నా పట్టాలో రెండు చోట్ల లాటిన్ ఉంది. ఒకటి డిగ్రీ పేరు: డాక్టర్ రేరుమ్ నాటురాలియుమ్, అంటే ప్రకృతి శాస్త్రాల్లో డాక్టరేటు. రెండోది శ్రేణి: మాగ్నా కుమ్ లౌడే, మాటకు మాట చెబితే 'గొప్ప ప్రశంసతో'. మన విశ్వవిద్యాలయాల దరఖాస్తుల్లో పదో తరగతి నుంచి పీహెచ్‌డీ దాకా వరసగా ఒక పట్టిక ఉంటుంది కదా, అందులో ప్రతి చదువుకూ ఎదురుగా 'క్లాస్ లేదా డివిజన్' అని ఒక గడి ఉంటుంది. మన దేశంలో పీహెచ్‌డీకి సాధారణంగా క్లాసు ఉండదు. ఇచ్చారా, ఇవ్వలేదా అన్నంతవరకే. కాబట్టి మనవాళ్లు ఆ గడిలో అడ్డగీత పెట్టి ఊరుకుంటారు. జర్మనీ నుంచి వచ్చినవాడి పట్టా మీద మాత్రం శ్రేణి ఉంటుంది. దాన్ని మన భాషలో దేనితో పోల్చాలో తెలియక అనువాదకులు తోచింది రాసేస్తారు. చిక్కంతా అక్కడే వస్తుంది.

నాతోపాటు అదే ప్రయోగశాలలో పనిచేసిన ఖమ్మం స్నేహితుడికి ఇదే జరిగింది. ఇంటర్నెట్‌లో తక్కువ ధరకు దొరికే ఒక అనువాద సేవకు అతను పత్రాలు పంపాడు. డాక్టరేటు పట్టాలోని 'కుమ్ లౌడే' వాళ్ల చేతిలో 'ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్' అయింది. మాస్టర్స్ పత్రంలో జర్మన్ పద్ధతిలో కామాతో ఉన్న 1,7 అనే సగటును చుక్క పెట్టి 1.7 అని మార్చారు తప్ప, అది ఏ కొలమానంలో వచ్చిన అంకో ఒక్క మాట కూడా రాయలేదు. హైదరాబాదులో పత్రాలు పరిశీలించిన ఉద్యోగి అతన్ని అడిగిన ప్రశ్న ఇది: "మాస్టర్స్‌లో పదికి 1.7 తెచ్చుకుని, పీహెచ్‌డీలో డిస్టింక్షన్ ఎలా తెచ్చుకున్నారు బాబూ?" ఆ ఉద్యోగి తప్పేమీ లేదు. ఆయన ముందున్న కాగితం ఆ రెండు మాటలే చెబుతోంది. జర్మనీలో 1 అంటే అత్యుత్తమం, 4 అంటే ఉత్తీర్ణతకు చివరి హద్దు. 1.7 అంటే మంచి మార్కు. చిన్న అంకె పెద్ద గౌరవం అని ఆ కాగితంలో ఎక్కడా లేదు. డాక్టరేటు విషయంలో పొరపాటు దీనికి తలకిందులుగా జరిగింది. జర్మనీలో కుమ్ లౌడే ఉత్తీర్ణతకున్న నాలుగు మెట్లలో మూడోది. దాన్ని డిస్టింక్షన్ అని రాయడం అతనికి లేని గొప్పను అంటగట్టడం. రేపు ఎవరైనా తీగ లాగితే అబద్ధం చెప్పాడన్న మాట పడేది అతని మీదే, అనువాద సంస్థ మీద కాదు.

అందుకే నా వంతు వచ్చినప్పుడు ముద్ర వేసే అధికారంతోపాటు లాటిన్ కూడా తెలిసిన మనిషి కోసం వెతికాను.

ఆవిడ కార్యాలయం పాత ఊరి చుట్టూ ఉన్న మట్టికట్ట నడకదారికి దగ్గర్లో, ఒక ఇంటి మొదటి అంతస్తులో ఉంది. రెండు చిన్న గదులు. ఈ పని మొదలుపెట్టకముందు ఏళ్ల తరబడి ఉన్నత పాఠశాలలో లాటిన్, ఇంగ్లీషు బోధించారట. ఆ అలవాటు పనిలో కనిపిస్తుంది. నా పట్టాను బల్ల మీద పరిచి, ఒక చెక్క స్కేలును వాక్యం కింద పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా పైకి చదివారు. చదువుతూనే సన్నని పెన్సిల్‌తో వేరే కాగితం మీద గుర్తులు పెట్టుకున్నారు. పట్టా మీద మాత్రం గీత కూడా పడనివ్వలేదు. అడుగున ఉన్న ఉబ్బెత్తు ముద్రను దీపం కింద వాల్చి, అందులోని అక్షరాలు కూడా చదివి రాసుకున్నారు. ముద్రలో ఏముందో, సంతకం చదవగలిగేలా ఉందో లేదో, తాను చూసింది అసలు పత్రమో నకలో కూడా అనువాదంలో నమోదు చేయాలట. మన దగ్గర నోటరీ ముద్రలు టపటపా పడిపోవడం చూసి పెరిగిన నాకు ఆ శ్రద్ధ చూస్తే ముచ్చటేసింది.

తర్వాత ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఈ అనువాదాన్ని ఏ దేశంలో, ఏ కార్యాలయంలో చదువుతారు?" ఢిల్లీలో భారత విశ్వవిద్యాలయాల సంఘం దగ్గర సమానార్హత కోసం ఒకసారి, తర్వాత దరఖాస్తు పెట్టే విశ్వవిద్యాలయంలో ఇంకోసారి అని చెప్పాను. వాళ్ల దగ్గర డాక్టరేటుకు శ్రేణులు ఉంటాయా అని అడిగారు. ఉండవన్నాను. అయితే గమనిక కాస్త వివరంగా రాయాలి అన్నారు. డబ్బు పుచ్చుకుని పని చేసేవాళ్లు ఇలా చదివేవాడి గురించి ముందు ఆలోచించడం నాకు చాలా అరుదుగా కనిపించింది.

చివరికి నా చేతికొచ్చిన కాగితంలో శ్రేణి ఉన్న చోట 'మాగ్నా కుమ్ లౌడే' అనే మాటలు లాటిన్‌లో ఎలా ఉన్నాయో అలాగే వాలు అక్షరాల్లో ఉన్నాయి. అనువాదం లేదు. పక్కన చదరపు బ్రాకెట్లలో అనువాదకురాలి గమనిక ఉంది. అందులో చెప్పింది ఇంతే: ఉత్తీర్ణతకు నాలుగు శ్రేణులు ఉన్నాయి, ఇది పై నుంచి రెండోది, క్రమం సుమ్మా కుమ్ లౌడే, మాగ్నా కుమ్ లౌడే, కుమ్ లౌడే, రిటే. డిగ్రీ పేరుకూ అదే పద్ధతి. లాటిన్ పేరు అలాగే ఉంచి, ప్రకృతి శాస్త్రాల్లో పరిశోధన ద్వారా పొందిన డాక్టరేటు అని పక్కన గమనిక. మార్కుల పత్రం తలభాగంలో 1 అత్యుత్తమం, 4 ఉత్తీర్ణతకు హద్దు, కామా దశాంశ గుర్తు అని మూడు ముక్కల్లో రాశారు. ఇంతకంటే ఎక్కువ అవసరం లేదు, ఇంతకంటే తక్కువ చాలదు.

మొదట నాకూ ఒక సందేహం వచ్చింది. 'గొప్ప ప్రశంసతో' అని ఇంగ్లీషులో రాసేస్తే అందరికీ అర్థమవుతుంది కదా అని అడిగాను. ఆవిడ అలమర నుంచి ఒక లావుపాటి దస్త్రం తీసి నా ముందు పెట్టారు. దేశానికో పేజీ, పక్కన చేత్తో రాసిన గుర్తులు. ఈ సేవలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే కాబట్టి కాస్త విస్తరంగా చెబుతాను.

కుమ్ లౌడే అన్న రెండు మాటలనే తీసుకోండి. నెదర్లాండ్స్‌లో చాలా చోట్ల పట్టా మీద ఉండే గౌరవం అదొక్కటే. దాని పైన మాగ్నా, సుమ్మా ఉండవు. డాక్టరేటులో అయితే అది మరీ అరుదు, సుమారుగా ఇరవై మందిలో ఒకరికి దక్కుతుంది. హంగరీలో డాక్టరేటుకు మూడు మెట్లు: సుమ్మా కుమ్ లౌడే, కుమ్ లౌడే, రిటే. అంటే అక్కడ కుమ్ లౌడే నడిమిది. జర్మనీలో నాలుగింటిలో మూడోది. ఫిన్లాండ్‌లో ఉన్నత పాఠశాల ముగింపు పరీక్షకు లాటిన్ శ్రేణులే వాడతారు. ఉత్తీర్ణులకు ఆరు మెట్లు: లౌడాటుర్, ఎక్సిమియా, మాగ్నా, కుమ్ లౌడే, లుబెంటెర్, అప్రొబాటుర్. అక్కడ కుమ్ లౌడే నాలుగోది. ఆ మాటల్లో అక్షరం తేడా లేదు. ఒక దేశంలో శిఖరం, ఇంకో దేశంలో సగటు విద్యార్థికి వచ్చేది. 'ప్రశంసతో' అని అనువదిస్తే ఆ నలుగురూ ఒకే వరసలో నిలబడిపోతారు.

మాగ్నా సంగతీ అంతే. ఫిన్లాండ్ పరీక్షలో లౌడాటుర్ సుమారు 5 శాతం మందికి, ఆ తర్వాతి ఎక్సిమియా 15 శాతానికి, ఆ తర్వాతి మాగ్నా 20 శాతానికి వస్తుంది. మాగ్నా అని ఉన్న ఫిన్లాండ్ కాగితం చూసి అమెరికా కొలతతో చదివితే ఆ పిల్లవాడి స్థానం పూర్తిగా తప్పుగా అర్థమవుతుంది. మనవాళ్లలో ఎక్కువ మందికి తెలిసింది అమెరికా కొలతే. ఇంటికొకరు అక్కడ చదువుతున్నారు కాబట్టి అది సహజమే. అక్కడ ఈ గౌరవాలను హార్వర్డ్ 1869లో మొదలుపెట్టింది, 1880 నుంచి మాగ్నా కూడా చేరి మూడు మెట్లు అయ్యాయి, 1881లో ఆమ్‌హర్స్ట్ కాలేజీ అదే బాట పట్టింది. కానీ అమెరికాలోనూ ఒక్కో విశ్వవిద్యాలయానిది ఒక్కో హద్దు. 2001లో హార్వర్డ్ నుంచి పట్టా పుచ్చుకున్నవాళ్లలో 91 శాతం మందికి ఏదో ఒక గౌరవం దక్కింది. గౌరవాలు మరీ ఎక్కువ మందికి పంచుతున్నారన్న విమర్శ పెరిగాకే మరుసటి ఏడాది అధ్యాపకులు పరిమితి విధించారు. కాబట్టి ఏ ఊరు, ఏ ఏడాది, ఎన్నో మెట్టు అన్నవి తెలియకుండా ఆ మాట ఒక్కటే ఏమీ చెప్పదు.

బెల్జియం పేజీ చూసినప్పుడు మన కళ్లు ఎంత సులభంగా మోసపోతాయో తెలిసింది. లూవెన్ విశ్వవిద్యాలయంలో 68 శాతానికి కుమ్ లౌడే, 77కు మాగ్నా, 85కు సుమ్మా. డచ్ భాషలో వీటినే 'ప్రత్యేకతతో', 'గొప్ప ప్రత్యేకతతో', 'అత్యంత గొప్ప ప్రత్యేకతతో' అన్న అర్థం వచ్చేలా రాస్తారు. మన జేఎన్‌టీయూ పాత శాతాల లెక్కలో 70 వస్తేనే డిస్టింక్షన్. అలాంటి లెక్కకు అలవాటుపడిన కంటికి 68 అంటే మామూలు ఫస్ట్ క్లాస్. లూవెన్‌లో చదివిన అమ్మాయి 68తో గౌరవ పట్టా తెచ్చుకుందని ఆ గమనిక లేకపోతే ఎవరికి తెలుస్తుంది? ఇటలీలో ఇంకో రకం. పట్టా మార్కు 110కి వేస్తారు, ఉత్తీర్ణత 66, ఆ 110 కూడా చాలదనుకుంటే 'లోదే' చేరుస్తారు. అది పాత లాటిన్ లౌడే నుంచే వచ్చిన మాట. '110 మరియు ప్రశంస' అని అనువదించిన కాగితం ఒకటి తన దగ్గరికి దిద్దుబాటుకు వచ్చిందని ఆవిడ చెప్పారు. 110 గరిష్ఠమని రాయకపోతే చదివేవాడు నూటికి నూటపది ఏమిటని ఆగిపోతాడు.

స్పెయిన్ పద్ధతి నాకు ఎంతగానో నచ్చింది. అక్కడ డాక్టరేటుకు కుమ్ లౌడే రావాలంటే పరీక్షకులు రహస్యంగా ఓటు వేయాలి, ఒక్క ఓటు కూడా తగ్గకుండా అందరూ ఒప్పుకోవాలి. ఆ ఓట్లను సిద్ధాంత గ్రంథంపై వాదన జరిగిన సమావేశంలో లెక్కపెట్టరు, వేరే సమావేశంలో లెక్కపెడతారు. 2011 నాటి రాజశాసనంలో ఈ నియమం ఉంది. ఎదురుగా కూర్చున్న గైడు ముఖం చూసి మొహమాటపడే అవకాశం లేకుండా చేశారన్నమాట. మన విశ్వవిద్యాలయాలు ఎప్పుడైనా పీహెచ్‌డీకి శ్రేణి ఇవ్వాలనుకుంటే ముందు ఈ నియమం చదవాలని నా గట్టి అభిప్రాయం. ఫ్రాన్స్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. 2016 మే 25 నాటి ఉత్తర్వుతో డాక్టరేటుకు శ్రేణులు తీసేసింది. అంతకుముందు 'అత్యంత గౌరవప్రదం, పరీక్షకుల అభినందనలతో' అన్న అర్థంలో రాసే గౌరవం ఉండేది. ఇప్పుడు ఫ్రాన్స్‌లో డాక్టరేటు చేసిన తెలుగువాడి పట్టాలో శ్రేణి లేకపోతే అది అతని లోటు కాదు, ఆ దేశపు నియమం. ఆ మాట గమనికగా రాయించుకోవాలి.

ఫిలిప్పీన్స్ నుంచి జర్మనీకి వచ్చే నర్సుల పత్రాల కోసం ఆ పేజీ కూడా పెట్టుకున్నారు. యూనివర్సిటీ ఆఫ్ ద ఫిలిప్పీన్స్‌లో సుమ్మాకు సగటు 1.20, మాగ్నాకు 1.45, కుమ్ లౌడేకు 1.75 హద్దులు. అక్కడా 1 అంటేనే అత్యుత్తమం. రష్యాలో లాటిన్ లేదు, ఎర్ర అట్ట పట్టాయే గౌరవం. అక్కడ వైద్యం చదివిన మన పిల్లలు అట్ట రంగు కూడా అనువాదంలో నమోదు చేయించుకుంటే మంచిది.

ఆవిడకు అన్నిటికంటే ఇష్టమైనది ఆస్ట్రియా పేజీ. ఉన్నత పాఠశాల తరగతుల నుంచి డాక్టరేటు దాకా ప్రతి మెట్టులోనూ అత్యుత్తమ ఫలితం తెచ్చుకున్నవాళ్లకు అక్కడ 'సుబ్ ఔస్పికీస్ ప్రెసిడెంటిస్' అనే గౌరవంతో పట్టా ఇస్తారు. దేశాధ్యక్షుని సమక్షంలో వేడుక జరుగుతుంది, ఉంగరం బహూకరిస్తారు. రాచరికం ఉన్న రోజుల్లో చక్రవర్తి పేరుతో ఇచ్చేవారు. దీన్ని ఏ శ్రేణితోనూ పోల్చలేం, పోల్చకూడదు, అందుకే తన గమనికల్లో అన్నిటికంటే పొడవైనది ఇదే అని చెప్పారు.

అప్పుడు నాకు మా తాతగారి భాషాప్రవీణ పట్టా గుర్తొచ్చింది. దాన్ని 'భాషలో నిపుణుడు' అని ఇంగ్లీషులో రాస్తే తెలుగు పండితుడి ఉద్యోగానికి అర్హతనిచ్చిన ఒక పరీక్ష ఆ వెనక ఉందని ఎవరికి తెలుస్తుంది? విశ్వనాథ సత్యనారాయణ గారికి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇచ్చిన కళాప్రపూర్ణ ఒక గౌరవ పట్టా అని తెలియనివాడికి ఆ మాట బిరుదులా అనిపిస్తుంది. ఈ సంగతి చెబితే ఆవిడ వెంటనే పెన్సిల్ తీసుకుని రెండు పేర్లూ రాసుకున్నారు. తెలుగు నుంచి అనువదించే అధికారం ఆవిడకు లేదు, అయినా రాసుకున్నారు.

నా సందేహాన్ని పూర్తిగా తీర్చింది మాత్రం డిప్లొమా సప్లిమెంట్. ఐరోపాలో పట్టాతోపాటు ఇచ్చే వివరణ పత్రం ఇది, ఐరోపా కమిషన్, కౌన్సిల్ ఆఫ్ యూరప్, యునెస్కో కలిసి రూపొందించాయి. దీనిలో ఎనిమిది భాగాలు ఉంటాయి. 4.4లో మార్కుల పద్ధతి, 4.5లో పట్టా మొత్తానికి వచ్చిన శ్రేణి. ఆ 4.5 పక్కన ఉన్న సూచన ఏమిటంటే, శ్రేణిని మూల భాషలోనే రాయాలి. అంటే ఆవిడ చేస్తున్నది సొంత పట్టింపు కాదు, ఆ పత్రాన్ని తయారుచేసినవాళ్ల ఆలోచన కూడా అదే. బ్యాచిలర్, మాస్టర్స్ చేసినవాళ్లకు ఇది ఉచితంగా ఇస్తారు. మీ పట్టాతో రాకపోతే పరీక్షల విభాగాన్ని అడిగి తప్పకుండా తీసుకోండి.

ఇక నాకు ఇబ్బంది కలిగించిన సంగతులు.

దరఖాస్తులో శాతం రాయాల్సిన గడి ఒకటి ఉంది. నా మాస్టర్స్ సగటును శాతంలోకి మార్చి రాయమని అడిగాను. ససేమిరా అన్నారు. మార్కు మార్చడం అనువాదకుల పని కాదు, అలా చేస్తే తన ముద్రకు విలువ పోతుందని ఖచ్చితంగా చెప్పేశారు. జర్మనీకి వచ్చేటప్పుడు మన మార్కులను బవేరియన్ సూత్రంతో మారుస్తారు కదా: గరిష్ఠ మార్కులోంచి మన మార్కు తీసేసి, గరిష్ఠానికీ ఉత్తీర్ణతకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి ఒకటి కలపాలి. పదికి 8.5 వచ్చి ఉత్తీర్ణత 4 అయితే 1.75 వస్తుంది. దాన్నే తిరగేసి వాడొచ్చు కదా అన్నాను. ఆ సూత్రం బయటి మార్కులను జర్మనీలోకి తెచ్చుకోవడానికి జర్మన్లు పెట్టుకున్నది, తిరగేసి వాడే అధికారం ఏదైనా ఉంటే అది మీ దేశపు కార్యాలయానిదే, నాది కాదు అన్నారు. పైగా లాటిన్ శ్రేణులకు ఏ సూత్రమూ పనిచేయదు. చివరికి పరీక్షల విభాగం నుంచి కొలమానం వివరిస్తూ ఒక లేఖ తెచ్చుకుని జత చేయాల్సి వచ్చింది. అప్పుడు విసుగు పుట్టింది కానీ, ఆవిడ మాటే న్యాయమని ఇప్పటికీ అంటాను. అడిగిన వెంటనే శాతం రాసిచ్చే అనువాదకులను నమ్మకండి.

ఫోన్ తీయడం అరుదు. ఈమెయిల్‌కు జవాబు రావడానికి రోజులు పడుతుంది. కార్డు తీసుకోరు, నగదు గానీ బ్యాంకు బదిలీ గానీ. ముందు ధర అంచనా రాసిచ్చి, ఆ అంచనా దాటకుండా తీసుకున్నారు. జర్మనీలో అనువాదాన్ని 55 అక్షరాల లైను లెక్కన కొలవడం ఆనవాయితీ, ఆవిడా అలాగే కొలిచారు. ముద్రకూ సంతకానికీ విడిగా తీసుకోలేదు. రెండో ప్రతి కావాలంటే మాత్రం కొద్దిగా డబ్బు ఉంటుంది. ఆ రెండో ప్రతి అప్పుడే తీసుకోండి, ఇండియాకు వెళ్లాక తెప్పించుకోవడం కష్టం.

పేరు విషయంలో చూపిన జాగ్రత్త తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మన ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకచోట, పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరంగా ఇంకోచోట, జర్మన్ పట్టాలో పూర్తిగా విడదీసి మరోచోట ఉంటుంది. నా పట్టాలో ఉన్న వరస పాస్‌పోర్టు వరసకు భిన్నంగా ఉంది. అనువాదంలో పట్టాలో ఉన్నట్టే ఉంచి, పాస్‌పోర్టులో ఇలా ఉందని గమనిక రాశారు. పుట్టిన ఊరు కాకినాడ అక్షరక్రమం కూడా పాస్‌పోర్టుతో సరిచూశారు. పత్రాల పరిశీలనలో ఎక్కువ మందిని తిప్పలుపెట్టేది ఈ పేర్ల తేడాలే.

కాగితాల కూర్పు కూడా చూడదగ్గది. పట్టా నకలు, అనువాదం కలిపి పిన్ను కొట్టి, మూలలు ఒకదాని మీద ఒకటి విసనకర్రలా మడిచి, ఆ మడత మీద గుండ్రటి ముద్ర ప్రతి పేజీకీ కొంత అంటేలా వేశారు. మధ్యలో ఒక పేజీ మార్చాలంటే ముద్ర తెగిపోతుంది. ఇండియాలో జిరాక్సు తీసేటప్పుడు దయచేసి ఆ పిన్ను విప్పనివ్వకండి, విప్పితే పత్రం చెల్లదు. జిరాక్సు దుకాణంలో కుర్రవాడు అలవాటుగా పిన్నుల సాధనం అందుకుంటాడు, దగ్గర నిలబడి చూసుకోండి.

హైదరాబాదులో నా పత్రాలు పరిశీలించిన ఉద్యోగిని ఆ చదరపు బ్రాకెట్‌ను వేలితో చూపిస్తూ చదివి, 'నాలుగులో రెండోది' అని దరఖాస్తు పక్కన రాసుకుని తర్వాతి పేజీకి వెళ్లిపోయారు. ప్రశ్న రాలేదు. రిటే అంటే ఏమిటని మాత్రం కుతూహలంగా అడిగారు. నియమం ప్రకారం ఉత్తీర్ణత అని చెప్పాను.

ఇలాంటి అనువాదకులను వెతకడానికి జర్మన్ రాష్ట్రాల న్యాయశాఖలు కలిసి నడిపే ఉచిత జాబితా ఇంటర్నెట్‌లో ఉంది. భాష, ఊరు ఇచ్చి వెతకొచ్చు. ఇంగ్లీషుతోపాటు లాటిన్‌కూ ప్రమాణం చేసినవాళ్లు దొరికితే వాళ్లనే ఎంచుకోండి. దొరకకపోతే ఇంగ్లీషు అనువాదకులకే మొదటి ఈమెయిల్‌లో మూడు సంగతులు రాయండి: శ్రేణిని లాటిన్‌లోనే ఉంచాలి, ఎన్ని మెట్లలో ఎన్నోదో గమనిక ఇవ్వాలి, మార్కుల కొలమానం తలభాగంలో రాయాలి. ఒప్పుకుంటేనే పత్రాలు పంపండి. గోటింగెన్‌లో పట్టా పుచ్చుకున్నవాళ్లు స్నేహితులతో ఊరేగింపుగా వెళ్లి, పాత పురపాలక భవనం ముందున్న గాన్సెలీజెల్ విగ్రహాన్ని ముద్దు పెట్టుకుని పువ్వులు ఇవ్వడం ఆచారం. ఆ సంబరం అయిన వారంలోనే అనువాదానికి పత్రాలు ఇచ్చేయండి. ఆగస్టు అంతా ఆవిడ కార్యాలయం మూసి ఉంటుంది, సెప్టెంబరులో వచ్చే రద్దీకి మీ వంతు అక్టోబరుకు జరిగిపోతుంది.